పప్పు ఉడకని సందు

1

ఈ పూట కూడా పప్పు ఉడకలేదు. మడుగు బాగోగులు చూసుకునే నీళ్లక్క రాసే దినచర్యలో నీళ్ల సంగతులే ఉండాలని ఊరి సభవాళ్లు గట్టిగా చెప్పారు గానీ, కడుపు మండిపోతుంటే నేను ముందు పప్పు సంగతే రాస్తాను. ఇష్టం లేనివాళ్లు పేజీ తిప్పేసుకోవచ్చు.

పొద్దున మడుగుకు పోయే ముందు కందిపప్పు నానబోశాను. తిరిగొచ్చి పొయ్యి మీద పెట్టాను. పైనున్న అద్దాల నుంచి గొట్టంలో దిగే ఎండవేడి మా గుహలో ప్రతి పొయ్యికీ దండిగా వస్తుంది కాబట్టి సెగ చాలలేదనడానికి లేదు. నీళ్లు మరిగి ఇంకిపోయాయి, మళ్లీ పోశాను, మళ్లీ ఇంకిపోయాయి. పప్పు మాత్రం గులకరాళ్లలా దొర్లుతూనే ఉంది. పప్పుగుత్తితో ఎనపబోతే గుత్తి విరిగేటట్టుంది.

నా మొగుడు మద్దిలేటి ఆ పప్పునే సంగటిలో కలుపుకుని కరకరా నమిలాడు.

"బాగుండాదిలే మే. పండ్లకు పని దొరికినాది" అన్నాడు.

"ఎక్కిరిచ్చినావంటే రేపు గులకరాళ్లే వండి పెడతా."

నవ్వాడు. ఆ నవ్వు చూసి కోపం సగం పోయింది. సబ్బు కూడా సరిగ్గా నురగ రావడం లేదు, అది రేపు చూసుకుంటాను. మడుగులో నీటిమట్టం మామూలుగానే ఉంది. ఇదిగో, నీళ్ల సంగతి కూడా రాసేశాను.

2

పప్పమ్మే ఖాజాతో గొడవ పెట్టుకున్నాను. ఏ కాలపు పప్పు అంటగట్టావని అడిగితే, మొన్న కొత్తగా దిగిన బస్తాలోదేనని ఒట్టు వేశాడు.

"ఊరంతా ఇదే పప్పు కొంటాండారు సుంకులక్కా. మీ బట్టీ సందోళ్లు గూడా. ఒక్కరన్నా వచ్చి అడిగినారా? నీ ఇంట్లోనే ఉడకదంటే నా పప్పుదా తప్పు?"

"అంటే నాకు వండను రాదంటావా?"

"నేనట్ల అన్లేదప్పా!"

అనలేదు గానీ మొహంలో అదే కనిపించింది. వానలు పడినప్పుడు తప్ప పగటిపూట ఊరు దాటి పైకి పోలేని మనుషులం. పైన ఎండకు రాయి కూడా పగులుతుంది. ఇంత చిన్న ఊళ్లో పప్పు ఉడకబెట్టడం రాని నీళ్లక్క అని పేరొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి? ఇంటికొచ్చి గిన్నె మార్చి చూశాను. ఉడకలేదు. మా జేజి వాడిన రాతిచిప్పలో వండి చూశాను. అదీ లేదు.

3

ఈ రోజు ఊపిరి యంత్రం తుడిచే రోజు. మడుగు పక్కన అది గుడగుడమంటూ పనిచేస్తూనే ఉంది. ఊరివాళ్లు వదిలిన గాలినంతా సన్నటి గొట్టాలతో నీళ్లలోకి తోస్తుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి నీళ్లలో కరిగిపోతుంది, మిగిలిన మంచి గాలి బుడగలై పైకొస్తుంది. కుళ్లాయమ్మ తయారుచేసింది దాన్ని. పిల్ల చదువుకున్నది, నన్ను అత్తా అని పిలుస్తుంది.

ఈ యంత్రం రాకముందు మనం సున్నంతో బతికాం. తడి సున్నం పరిచిన తట్టలు ప్రతి సందులోనూ ఉండేవి. సున్నం మన ఊపిరి తాగి తాగి రాయిగా మారేది. ఆ రాయిని పైనున్న అద్దాల బట్టీకి మోసుకుపోయి కాలిస్తే తాగిన ఊపిరినంతా కక్కేసి మళ్లీ సున్నమయ్యేది. కాల్చేవాళ్లు మా సందు మగవాళ్లు. ఎండాకాలం మొదలవకముందే పైకి పోయి, గుంతల్లో తల దాచుకుంటూ, వానలు పడేదాకా అక్కడే ఉండేవాళ్లు. కుళ్లాయమ్మ వాళ్ల నాయన అక్కడే పోయాడు. ఆ పిల్ల పట్టుబట్టి ఈ యంత్రం చేసింది అందుకే.

మద్దిలేటి బట్టీ మాని ఇంటికొచ్చిన కొత్తలో కనురెప్పలకు ఒక్క వెంట్రుక ఉండేది కాదు. బట్టీ సెగకు అన్నీ కాలిపోయి, కళ్లు ఎర్రగా, ఎప్పుడూ నీరు కారుతూ ఉండేవి. ఇప్పుడు వెంట్రుకలు మొలిచాయి. పెళ్లయి ఇన్నేళ్లకు నా మొగుడి కళ్లు ఎంత బాగుంటాయో చూశాను. సభవాళ్లు చదివినా సరే, రాస్తున్నాను.

కుళ్లాయమ్మ కూడా వచ్చింది, ప్రతిసారీ అడిగే మాటే అడిగింది.

"అత్తా, మీ సందులో పప్పు ఎట్ల ఉడుకుతాంది?"

మడుగు నీళ్లు యంత్రం దాటి, గుహ కప్పును మోసే తల్లికంబం చుట్టూ తిరిగి, మా ఒక్క సందుకే వస్తాయి. మిగతా సందులకు యంత్రానికి ముందే మళ్లిపోతాయి. నీళ్లు బిరుసెక్కితే మొదట తెలిసేది పప్పులోనే అని యంత్రం పెట్టిన రోజే ఆ పిల్ల ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"అందరింట్లో వెన్న మాదిరి ఉడుకుతాందంట. నా ఇంట్లోనే, ఆ ఖాజాగాని పప్పు మంచిది కాదు" అన్నాను.

కుళ్లాయమ్మ ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత వంగి గొట్టాలు తుడవసాగింది.

4

పున్నమి. పప్పు పున్నమి అంటాం మేము. ప్రతి సందువాళ్లూ తమ నీళ్లతో, తమ పొయ్యి మీద పప్పు వండి, మడుగు మెట్ల మీదికి తెస్తారు. నీళ్లక్క రుచి చూసి సరే అన్నాక అన్నీ ఒకే గంగాళంలో పోసి ఊరంతా సంగటితో తింటారు. పప్పు మెత్తగా లేకపోతే ఆ సందు నీళ్లు నిలిపేయాలి. మా జేజి కాలం నుంచీ ఇదే పద్ధతి.

బట్టీ సందు పప్పు ఫకీరమ్మ తెచ్చింది. మా పక్కిల్లే. నాలుక మీద పెట్టగానే కరిగిపోయింది. చింతపండు మాత్రం ఈసారి దండిగా వేశారు, దవడలు లాగాయి.

"ఏం మే, పులుపు తినే కడుపుతో ఉండారా ఏంది అందరూ?" అన్నాను. జనమంతా నవ్వారు. ఫకీరమ్మ నవ్వలేదు.

సరే అన్నాను. గంగాళంలో పోశారు. అందరి పప్పూ ఉడికి నా ఒక్కదానిదే ఉడకలేదంటే నా చేతిలోనే ఏదో ఉందని, తిన్నంతసేపూ దిగులుగా ఉంది.

5

చేతిలో ఏమీ లేదు.

చింతపండు చేబదులు అడుగుదామని ఫకీరమ్మ ఇంటికి పోయాను. నన్ను చూసుకోలేదు. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. సొరుగులోంచి డబ్బా తీసి, తెల్లటి పొడి చిటికెడు తీసి గిన్నెలో వేసింది. పప్పు బుసబుసమంటూ నురగ కట్టింది. తినే సోడా. ఎంత మొండి గింజనైనా మెత్తగా చేస్తుంది. దాని సబ్బు రుచి తెలియకుండా ఉండడానికే చింతపండు.

"ఏమ్మే అది?" అన్నాను.

గరిటె జారి కిందపడింది. వంగి తీసి, కొంగుతో తుడిచింది.

"సందంతా ఏస్తాండారు" అంది చివరికి. "నీకొక్కదానికే తెలీదు. నువ్వు నీళ్లక్కవని నీకు చెప్పలేదు."

"ఎందుకు?"

"ఎందుకా? పప్పు ఉడకలేదంటే యంత్రం ఆపుతారు. యంత్రం ఆపితే మళ్లా బట్టీ. నా మొగుడు పుల్లన్న దగ్గి దగ్గి రక్తం కక్కినాడు ఆడ. ఇప్పుడిప్పుడే మనిషైనాడు. చిటికెడు సోడాతో ఆయప్ప ఇంట్లో ఉంటాడంటే, గుప్పెడు ఏస్తా. ఏం చేస్తావో చేసుకోపో!"

ఏడుస్తోంది. నాకేమో కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. చేతికందిన గిన్నె తీసుకుని లోపల చూశాను. అడుగున తెల్లటి పొర, గోరంత మందాన గట్టిగా అంటుకుని ఉంది. మా ఇంట్లో గిన్నెలకూ ఇదే ఉంది. నీళ్లు కాగినకొద్దీ పేరుకుంటోంది. నేను రోజూ బూడిదతో తోమి, ఖాజాను తిట్టుకుంటూ కూర్చున్నాను.

6

మద్దిలేటి చాప మీద పడుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నిలబడే అడిగాను.

"సోడా సంగతి నీకు తెలుసా?"

రాగం ఆగిపోయింది. "తెలుసు."

"తెలిసి రోజూ ఆ రాళ్లు నమిలినావా?"

"ఏం చేసేది మే? నీకు చెప్పినామనుకో, దాచేదానికి నీ వల్ల కాదు. బయట పెట్టాలంటే నన్ను పంపించాల. ఆ రెండిటి మధ్యన నిన్నెందుకు నలిపేది? నాలుగు దినాలు నమిలితే పోతాదనుకున్నా."

"ఇంకెన్నాళ్లు నమిలేవాడివి?"

"పండ్లుండేంత కాలం" అని నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నిజం రాస్తాను. అప్పుడు నాకూ సోడా డబ్బా ఎక్కడ దొరుకుతుందా అనే అనిపించింది. ఈ మనిషిని ఎండలోకి నేనెట్లా పంపించేది? ఆ కళ్లు మళ్లీ కాలిపోవాలా? పొయ్యి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆయన నా జడ సర్దుతూ కూర్చున్నాడు.

7

కుళ్లాయమ్మను పిలిచి సోడా సంగతి చెప్పాను. ఇద్దరం మడుగులోకి దిగాం, మొలలోతు నీళ్లలో. చేతిలో నూలుతాడు ఉంది. తొలివాన రోజు తల్లికంబానికి కట్టే తాడు. మా జేజి కాలం నుంచీ అదే తాడు, కంబం చుట్టూ సరిగ్గా సరిపోయేది, ముడి వేయడానికి కొసలు మాత్రం మిగిలేవి. నీటిమట్టం దగ్గర చుట్టాం. తాడు వదులుగా వేలాడింది. తాడుకూ రాయికీ మధ్య నా పిడికిలి దూరిపోయింది.

చేత్తో తడిమి చూశాను. నీటి అంచున కంబం నడుము సన్నబడి ఉంది. ఆ కంబం మీదే పైకప్పు నిలబడింది. పైకప్పు మీద మా సందు.

కుళ్లాయమ్మ మొహం పాలిపోయింది. "పప్పు మెత్తగా ఉడుకుతాందని అందరూ చెప్తే ఇంకా రాయికి ఏమీ కాలేదనుకున్నా అత్తా. పప్పు గట్టిపడతానే ఆపుదామనే గదా అన్నిసార్లు అడిగింది."

"బట్టతో వడగడితే పోదా, తల్లీ?" అన్నాను. పిచ్చి ప్రశ్నే. ఏదో ఒక దారి ఉంటుందన్న ఆశ.

"పోదత్తా. బొరుగుల్లో శనగలు కలిపినామనుకో, మళ్లా ఏరుకోవచ్చు. ఇసక నీళ్లయితే వడగట్టొచ్చు. అవి ఉత్తగా కలిసుంటాయి, దేని గుణం దానిదే. ఇది అట్ల కాదు. మన ఊపిరి నీళ్లలో కరిగితే నీళ్లు రవ్వంత పులుస్తాయి. ఆ పులుసు నీళ్లు కంబాన్ని తింటాయి. మూడూ కలిసి ఇంకొకటైపోతాయి. తేటగా ఉంటాయి, రాయి ఉందని కంటికి కనపడదు. కాస్తే మాత్రం మళ్లా విడిపోతాయి. ఊపిరి ఆవిరితో పోతాది, రాయి గిన్నెకు పడతాది."

గిన్నెకు. ఇంతకాలం మేము ఇల్లిల్లూ తోమి పారేసింది తల్లికంబాన్నే. ఈ గుహలు కూడా అట్లాగే పుట్టాయంట, వాననీళ్లు కొండను తిని తిని. వానకు లక్షల ఏళ్లు పట్టింది. మేమేమో ఊరంతటి ఊపిరిని తెచ్చి ఒక్క కంబం మొదట్లో పోశాం.

"దారి లేదా?"

"ఉండాది. యంత్రం పక్కన పెద్ద కాలవ తవ్వి, దాన్నిండా సున్నపురాయి ముక్కలు పోయాల. పులుసు నీళ్లు ముందు ఆ ముక్కల్ని తిని కడుపు నింపుకుంటే కంబం జోలికి రావు. నీళ్లు బిరుసుగానే వస్తాయి, కాచి తేరబెట్టుకుని వండుకోవాల. కానీ తవ్వేదానికి ఒక ఏడాది పడతాది. అంతవరకూ..." ఆ పిల్ల ఆగిపోయింది. వాళ్ల నాయన గుర్తొచ్చి ఉంటాడు.

"అంతవరకూ సున్నం" అన్నాను నేనే.

8

పున్నమిదాకా ఆగలేదు. గంట కొట్టించి ఊరందరినీ మడుగు మెట్ల మీదికి పిలిపించాను. మా ఇంటి పప్పు, సోడా లేని పప్పు, గంగాళంలో పోసి తలా గరిటెడు పెట్టాను. మెట్ల నిండా కరకరమన్న చప్పుడు. పక్కనే మా సందు గిన్నెల్లోంచి గీకిన తెల్లపొర కుప్ప పోశాను. అది ఎక్కడిదో చెప్పాను. నూలుతాడు చూపించాను. సోడా ఎవరెవరు వేశారో మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, మా సందు ఆడవాళ్లంతా తల వంచుకుని కూర్చున్నారు.

ఫకీరమ్మ ఒక్కతే లేచింది.

"నీ మొగుణ్ని నువ్వే ఎండలోకి తోస్తాండావు గదమే! నీకు మనసెట్ల ఒప్పినాది?"

 గంగాళంలో గరిటె తిప్పుతూ నిలబడ్డాను. మద్దిలేటి లేచి గంగాళం దగ్గరికొచ్చాడు. పిడికెడు పప్పు నోట్లో వేసుకుని, ఊరంతా చూస్తుండగా నిదానంగా నమిలి మింగాడు.

"నా పండ్లు గట్టివే ఫకీరమ్మక్కా. ఇంకో ఏడాదైనా నమిలేటోణ్ని. కప్పు కూలితే నమిలేదానికి పండ్లూ ఉండవు, పెట్టేదానికి చేతులూ ఉండవు. పుల్లన్న పైకి రాడు. ఆయప్ప వంతు నేను కాలుస్తా. కాలవ తొందరగా తవ్వండి, అంతే."

ఫకీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడిపోయింది. ఆ తర్వాత మా సందు మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. పక్క సందుల నుంచి కూడా కొందరు లేచారు, ఈసారి వంతులు వేసుకుందామన్నారు. ఇంతకు ముందెప్పుడూ ఆ మాట ఎవరికీ తోచలేదు. కుళ్లాయమ్మ పోయి యంత్రం ఆపింది. గుడగుడ ఆగిపోగానే మడుగు మూగబోయినట్టయింది.

9

పొద్దు వాలగానే బయలుదేరారు. జొన్నరొట్టెలు, వేరుశనగ కారప్పొడి కట్టిచ్చాను. కళ్లకు కట్టుకోవడానికి తడిగుడ్డలు ఇచ్చాను. ప్రతి గంటకూ గుడ్డ తడుపుకోవాలని, అద్దాల కేసి చూడొద్దని, నీడ దొరికితే కూర్చోవాలని చెప్పిందే చెప్పాను.

"ఇంకా ఏమన్నా తిట్లు మిగిలినాయా?" అన్నాడు.

"దండిగా ఉండాయి. వానలకు వస్తావు గదా, అప్పుడు తిడతా."

"అంతదాకా ఎందుకు దాచుకునేది? సందులో సున్నం తట్ట పెడతారు. నీ ఊపిరి తాగి రాయైతాది. ఆ రాయి నా బట్టీకే వస్తాది. కాల్చినప్పుడు నీ ఊపిరంతా బయటికొస్తాది, నేను ఆడనే నిలబడుంటా. తిట్టేదేదో తట్ట మీద తిట్టు."

నవ్వబోయాను, రాలేదు. కుప్పలోంచి తీసి ఉంచిన కంబం ముక్కను, మా గిన్నెలోంచి గీకిందే, ఆయన సంచిలో వేశాను. ఇది కూడా కాల్చి పంపించు, మన ఇంటి తట్టలో వేసుకుంటానన్నాను. సరేనన్నాడు. మెట్లెక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగాడు. ఆ కనురెప్పలు చూశాను, కళ్లకు గుడ్డ కట్టుకోకముందే.

10

మడుగు నీళ్ల బిరుసు పోయింది. నూలుతాడు కంబానికే కట్టి వదిలేశాను, రోజూ పోయి పిడికిలి పెట్టి చూస్తున్నాను. ఇంకేమీ తరగలేదు. కాలవ తవ్వకం మొదలైంది. అందరికంటే ముందు పలుగు పట్టింది ఫకీరమ్మ. నాతో ఇంకా మాట్లాడలేదు గానీ, నిన్న మా గడపలో చింతపండు పెట్టి పోయింది.

ఈ పూట కందిపప్పు పెట్టాను. కాసేపటికే వెన్నలా ఉడికిపోయింది. గుత్తి పెట్టే పని కూడా లేదు, గరిటెతోనే మెదిగిపోయింది. చింతపండు రవ్వంతే వేసి, వెల్లుల్లి తాలింపు పెట్టాను. ఆయనకు ఇష్టమైనట్టుగా. కంచం ముందు కూర్చుంటే ఒక్క ముద్ద కూడా దిగలేదు.

లేచి సందు మొదట్లోని సున్నం తట్ట దగ్గరికి పోయాను. అంచుల వెంట అప్పుడే రాయి కట్టడం మొదలైంది. రేపు పొద్దు వాలాక దాన్ని పైకి మోసుకుపోతారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, తట్ట మీదికి బాగా వంగాను.

"పప్పు మెత్తగా ఉడికినాది రా, పాపిష్టోడా" అన్నాను. "తినేటోడు యాడ ఉండాడు?"

ఇంకా చాలా తిట్టాను. ఊపిరి అయిపోయేదాకా తిట్టాను. తర్వాత ఇంటికొచ్చి, పప్పు వేడిచేసుకుని అన్నం తిన్నాను.